గోడవైపు తిప్పిన పేరు

సాంజో,
సెప్టెంబరు 4

ఫుమిఎ పెద్దమ్మకు,

మా వీధి సంఘం పెద్ద తత్సుమి గారు నా పేరును గోడవైపు తిప్పేశారు. ఇది అన్యాయం. చేసినవాడి పేరు చెప్పకుండా అన్యాయం గురించి మాట్లాడటం పిరికితనమని ఒక కరపత్రంలో చదివాను. అందుకే పేరుతో సహా రాస్తున్నాను.

జరిగింది చెప్తాను. మా వీధిలో చెత్త సంచి లోపలున్నదంతా బయటికి కనబడాలి, సంచి మీద ఇంటిపేరు రాయాలి. నేను రాస్తాను, కురామోచి అని, పెద్ద అక్షరాలతో. నా సంచి అందరి సంచులకన్నా బరువు. అందులో డైపర్లుంటాయి. అవి నావి. నిచ్చెన మీంచి పడి వెన్ను దెబ్బ తగిలిన సంగతి నీకు తెలుసు. తర్వాతి సంగతి అమ్మ చెప్పే ఉంటుంది. మొదట డాక్టర్లు చెప్పినట్టే మూత్రానికి గొట్టం పెట్టుకుని, గడియారం చూసుకుంటూ బతికాను. వణుకుతో జ్వరాలు వచ్చాయి. తర్వాత మాత్రలు వాడాను. నోరు ఎండిపోయి అన్నం మింగుడుపడేది కాదు. మూడో దారి నేనే ఎంచుకున్నాను. పగలూ రాత్రీ, పనిలోనూ నిద్రలోనూ, డైపరే. "అంటే ఇక వదిలేసుకుంటావా?" అన్నాడు డాక్టరు. వదిలేసుకున్నది గడియారాన్నండీ అని చెప్పి వచ్చేశాను. ఇప్పుడు సినిమా మొదట్నుంచి చివరిదాకా చూస్తున్నాను.

మంగళవారం పొద్దున తత్సుమి గారు చెత్త పెట్టే చోట వంగి ఉన్నాడు. నా సంచిని పట్టుకుని, పేరున్న వైపు గోడకు ఆనించి, ముందు ఇంకెవరిదో సంచి అడ్డం పెడుతున్నాడు.

"ఏం చేస్తున్నారండీ?" అన్నాను.

"ఏం లేదు బాబూ. నలుగురూ తిరిగే చోటు కదా. అమ్మగారికి చిన్నతనంగా ఉంటుందని."

ఆయన నా భుజం తట్టాడు. "ఈ వయసులో ఒక్కడివే చూసుకుంటున్నావు. మావాడైతే ఎప్పుడో ఆశ్రమంలో పడేసేవాడు" అన్నాడు.

నేను వంగి నమస్కారం పెట్టాను. ఆ వంగడం మెడకున్న అలవాటు, నా అభిప్రాయం కాదు. అమ్మ పోయి రెండేళ్లవుతుందని చెప్పేలోపు ఆయన సైకిలెక్కేశాడు. ఇరవయ్యారేళ్ల మగవాడి చెత్తలో డైపరుంటే లోపల ఒక ముసలమ్మ ఉండి తీరాలని వీళ్ల లెక్క. మేం మనుషుల లెక్కలోనే లేము! దీని మీద రాస్తాను, అచ్చు వేయిస్తాను.

వచ్చే నెల అమ్మ రెండేళ్ల కర్మకు రమ్మన్నావు. రాలేను. పని ఉంది.

ఉత్తరం మొదట్లో వాతావరణం గురించి రాయలేదని తిట్టకు. ఎండ అందరికీ కాస్తూనే ఉంది, దాన్ని మళ్లీ తెలియజేయడం దేనికి.

తల వంచని,
రెంజి

*

సాదో ద్వీపం,
సెప్టెంబరు 10

రెంజీ,

పగటి ఎండ తగ్గలేదు గానీ సాయంత్రం సముద్రం మీంచి వచ్చే గాలిలో మార్పు వచ్చింది. ఆకులకు ఎర్ర రంగు ఇంకా రాలేదు, పెర్సిమన్ కాయలు మాత్రం కొమ్మలు వంగేలా కాశాయి. నువ్వు ఎలా ఉన్నావో అని తలుచుకుంటూ రాస్తున్నాను. చూశావా, ఇలా మొదలుపెడితే ఎవరికీ ఏమీ కాదు.

మీ అమ్మ నాకేమీ చెప్పలేదు. "రెంజి బాగైపోయాడక్కా" అంది. నేను నమ్మాను. నీ ఉత్తరం చదివి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ మొదట్నుంచి చదివాను. ఈ పాడు చెవులు వినబడితే ఫోను చేసి నీ గొంతు వినేదాన్ని.

పార్సిల్‌లో గింకో గింజలు పంపుతున్నాను. పడుకునేముందు వేయించి, కొంచెం ఉప్పు చల్లుకుని తిను. మా చిన్నప్పుడు పక్క తడిపే పిల్లలందరికీ మా అమ్మ ఇవే పెట్టేది. ఉన్ని నడుంపట్టీ కూడా అల్లాను. కడుపు చల్లబడకుండా చూసుకుంటే సగం తగ్గుతుంది. వయసులో ఉన్నవాడివి, అంత తొందరగా ఒప్పేసుకోకు.

రానన్నావు. పని ఉందని మీ అమ్మ కర్మ మానేవాడివి కాదు నువ్వు. నాకు తెలుసు, నా మీద కోపం. మీ అమ్మ కిమోనోలు నిన్నడక్కుండా మీ మేనత్త కూతురికి ఇచ్చేశాననేగా? చిమ్మటలు కొట్టేస్తాయని ఇచ్చాను. నీలంది ఒకటి ఉంచాను. వచ్చి తీసుకో.

చెత్త విషయంలో వీధివాళ్లతో గొడవ పెట్టుకోకు. ఆయనేదో మంచికే తిప్పి ఉంటాడు.

ఎప్పటిలాగే,
పెద్దమ్మ

*

సాంజో,
సెప్టెంబరు 18

పెద్దమ్మా,

నేను పక్క తడిపే పిల్లాణ్ణి కాను! ఇది రోగమూ కాదు, ఒప్పేసుకోవడమూ కాదు. ఎంచుకోవడం. ఆ మాట కింద రెండు గీతలు గీశాను చూడు. గింజలు తిన్నాను, బాగున్నాయి, కానీ తిన్నది గింజలుగానే. నడుంపట్టీ వేసుకుంటే ప్యాంటు బొత్తాం పట్టలేదు. అసలే ప్యాంట్లన్నీ ఒక సైజు పెద్దవి కొనుక్కుంటున్నాను.

నీకు తెలియదు కాబట్టి రాస్తాను. ఎవరూ రాయరు కాబట్టి ఇంకా రాస్తాను. మందుల షాపులో పెద్ద ప్యాకెట్టు తీసుకుంటే "నానమ్మగారికా, తాతగారికా?" అంటారు. ప్యాకెట్టు మీద ఎప్పుడూ ఒక ముసలావిడ నవ్వుతూ ఉంటుంది, తోటలో. దాని మీద 'అయిదుసార్లకు సరిపోతుంది' అని రాసి ఉంటుంది. ఎవరి అయిదుసార్లు? కూర్చుని చెంచాలు చూసేవాడివా, నిలబడి పెట్టెలు మోసేవాడివా? నేను చేసేది చెంచాల మీద గీతలు పడ్డాయేమో చూసే పని. కదలకుండా కూర్చోవాలి, వేసవిలో తొడల దగ్గర ఒరుసుకుపోయి ఎర్రగా మండుతుంది, తెల్ల లేపనం రాసుకుంటే చల్లగా ఉంటుంది గానీ లోబట్టలన్నీ పాడు. లైబ్రరీలో కుర్చీలోంచి లేచినప్పుడు చేసే చప్పుడు నాకొక్కడికే వినబడుతుందని నాకు తెలుసు. అయినా ఎవరైనా దగ్గేదాకా ఆగి లేస్తాను.

అన్నిటికన్నా పెద్దది ఇది. ఆడవాళ్ల టాయిలెట్లో మూత ఉన్న చిన్న బుట్ట ఉంటుంది. మగవాళ్ల టాయిలెట్లో ఉండదు. ఏ ఊళ్లోనైనా చూడు. మార్చుకున్నది న్యూసుపేపర్లో చుట్టి, సంచిలో ముడేసి, బ్యాగులో పెట్టుకుని రోజంతా తిరగాలి. బస్సులో ఎవరైనా ముక్కు ఎగబీల్చినా నా గురించే అనిపిస్తుంది. కాఫీ పొడి ఒక పొట్లం బ్యాగులో వేసుకుంటాను. కాఫీ వాసన వచ్చే మనిషిగా పనిచేసే చోట నాకు పేరుంది.

కిమోనోల సంగతి నాకు తెలియనే తెలియదు. ఎవరికి ఇచ్చుకుంటే నాకేం.

ఒక విషయం జరిగింది. వృద్ధుల దినోత్సవం వస్తోందని పది రోజుల క్రితం తత్సుమి గారి భార్య వచ్చింది. వీధిలో ముసలివాళ్లందరికీ పంచుతున్నారట, ఎర్ర బొబ్బర్లన్నం, గిన్నెలో ముల్లంగి వేసిన మిసో చారు.

"అమ్మగారికి మింగుడుపడుతుందా బాబూ?" అంది.

నేను చెప్పబోయింది ఒకటి. నోట్లోంచి వచ్చింది, "మెత్తగా ఉంటే తింటుందండీ" అని.

అప్పట్నుంచి రోజు విడిచి రోజు వస్తోంది. ముల్లంగి ఇంకా మెత్తగా ఉడికిస్తోంది. గుమ్మం దగ్గరే నిలబడి, తన అత్తగారు మంచాన పడ్డ రోజులు, మొగుడు పొద్దస్తమానం వీధి పట్టుకుని తిరగడం, అన్నీ చెప్తుంది. నిన్న "అమ్మ మీ చారు రెండు చెంచాలు ఎక్కువే తాగింది" అన్నాను. ఆవిడ మొహం చూడాల్సింది. ఈ వీధికొచ్చి ఏడాది దాటింది పెద్దమ్మా, నాతో ఎవరూ అంతసేపు మాట్లాడలేదు.

కర్మకు మాత్రం రాను. మళ్లీ అడగొద్దు.

రెంజి

*

సాదో ద్వీపం,
సెప్టెంబరు 20

రెంజీ,

ఈసారి వాతావరణం రాయను.

మీ అమ్మ పోయే ముందు రోజు కూడా గోడ పట్టుకుని తనంతట తాను లేచి వెళ్లింది. నేను పట్టుకోబోతే "వదులక్కా" అంది. అలాంటి మనిషిని మా కుటుంబ సమాధిలో పెట్టుకుని, వారం వారం పువ్వులు మారుస్తున్నాను నేను. నువ్వక్కడ ఆమెను మంచాన పడేసి, చారు తాగించి, డైపర్లు కట్టావు.

తత్సుమి గారు నీ పేరు గోడవైపు తిప్పాడని కాగితం చిరిగేలా రాశావు. ఆయన తిప్పాడంతే. నువ్వు ఆ సంచి మీద మీ అమ్మ పేరు రాశావు. ఎంచుకున్నానన్నావు, రెండు గీతలు గీశావు. ఎంచుకున్నవాడు ఇంకొకరి వెనక దాక్కుంటాడా? అదీ చచ్చిపోయినదాని వెనక?

నీ కరపత్రాల్లో దీనికేమని రాశారో నాకు తెలియదు. నేను చదువుకున్నది ఓడరేవులో టిక్కెట్లు చింపేంత వరకే.

రానంటున్నావుగా, రావద్దులే. మీ అమ్మ అనుకుంటున్న కొడుకు వేరు.

ఫుమిఎ

*

సాంజో,
అక్టోబరు 3

పెద్దమ్మా,

నీ ఉత్తరం చదివి మొదట చాలా కోపం వచ్చింది. డైపరు కడితే మనిషి మైలపడుతుందా, అమ్మ గౌరవం అంత పల్చనిదా అని ఆరు పేజీలు రాశాను. చించేశాను. అందులో రాసినవన్నీ నిజమే. నువ్వు రాసింది కూడా నిజమే. ఆరు పేజీల్లో దానికి మాత్రం జవాబు లేదు.

పోయిన ఆదివారం కాదు, అంతకుముందు ఆదివారం వీధి వాళ్లమంతా కలిసి మురుగుకాలవలో మట్టి తీసే రోజు. అందరూ రబ్బరు బూట్లేసుకుని వచ్చారు. టీ తాగుతున్నప్పుడు తత్సుమి గారి భార్య అందరిముందూ అడిగింది, "అమ్మగారు ఎలా ఉన్నారు?" అని.

"మా అమ్మ రెండేళ్ల క్రితమే పోయిందండీ. ఆ డైపర్లు నేను వేసుకునేవి. ఇప్పుడు కూడా వేసుకునే ఉన్నాను" అన్నాను.

మైకులో మాట్లాడినంత గట్టిగా అన్నాననుకుంటా. సమానత్వం గురించి రెండు మాటలు సిద్ధం చేసుకున్నాను, ఒక్కటీ గుర్తు రాలేదు.

తత్సుమి గారు టీ కప్పు కింద పెట్టి అన్నాడు, "మరి చారెవరు తాగారు?"

"నేనేనండీ."

"ఉప్పు సరిపోయేదా? నాకెప్పుడూ తక్కువే వేస్తుంది."

ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఎవరూ ఒక్క చెడ్డ మాట అనలేదు పెద్దమ్మా. అందరూ ఇప్పటికీ పొద్దున నమస్కారం పెడుతున్నారు, కొంచెం ఎక్కువే వంగి. చారు మాత్రం రావడం లేదు. గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్తే ఆవిడ రెండు చేతులతో అందుకుని, "చలి మొదలైంది కదూ" అంది. నీలాగే వాతావరణం చెప్పింది. తలుపు మెల్లగా వేసుకుంది. ఆవిడ అత్తగారి కథ సగంలో ఉండిపోయింది. నిజం చెప్పాక గది ఇంత పెద్దదవుతుందని ఎక్కడా చదవలేదు.

ఊరికే కూర్చోలేక ఒక పని చేశాను. కరపత్రం రాశాను. 'మగవాళ్ల టాయిలెట్లో బుట్ట ఎందుకు లేదు? మోసుకుంటూ తిరిగేది నేనొక్కణ్ణేనా? ఆదివారం రెండింటికి వీధి సంఘం హాలుకు రండి, కురామోచి రెంజి' అని. నోటీసు బోర్డు మీద అంటించాను. తత్సుమి గారు చదివి, ఒక మూల ఊడుతుంటే పిన్ను గుచ్చి వెళ్లాడు. కుర్చీలు వేశాను. టీ పెట్టాను. ఎవరూ రాలేదు. పక్క గదిలో ముసలివాళ్లు పాటలు సాధన చేస్తున్నారు, ఒకే పాట మళ్లీ మళ్లీ. అది అయిపోయేదాకా కూర్చుని, కుర్చీలు మడిచేశాను.

మూత ఉన్న బుట్ట ఒకటి నేనే కొన్నాను. హాలు టాయిలెట్లో మూల పెట్టి, మీద రాశాను, వాడుకోండి, నేను ఖాళీ చేస్తాను అని. నిన్న తీసి చూస్తే లోపల రెండు పొట్లాలు ఉన్నాయి. నావి కావు. నేను చుట్టేది మామూలు పేపరు. ఇవి గుర్రప్పందాల పేపర్లో చుట్టి ఉన్నాయి, అంచులు మడిచి, రబ్బరు బ్యాండేసి, ఎంత పొందిగ్గానో. ఎవరో నాకు తెలియదు. తెలుసుకోవడానికి ప్రయత్నించను. కానీ నీకు రాయకుండా ఉండలేకపోయాను.

ఇక అసలు సంగతి. కిమోనోలు కాదు పెద్దమ్మా. అమ్మ నలభై తొమ్మిదో రోజున గుడి హాల్లో మంత్రాలు చదువుతున్నప్పుడు నేను లేవబోయాను. అప్పట్లో మాత్రల మీద ఉన్నాను, వస్తే ఆగదు. నువ్వు చొక్కా చెయ్యి పట్టుకుని లాగావు. "కూర్చో. కొడుకువి" అన్నావు. కూర్చున్నాను. మంత్రాలు అయ్యాక అందరూ భోజనాలకు లేచారు, నేను లేవలేదు. నేను ఏడుస్తున్నాననుకుని ఒంటరిగా వదిలేశారు. తడిసిన ఆసనం తిరగేసి, కోటు నడుముకు చుట్టుకుని, వెనక దారిన వెళ్లి ఓడ ఎక్కాను. డైపరు ఎంచుకుంది ఆ ఓడలోనే. ఆ హాల్లోకి మళ్లీ రాలేకపోతున్నది అందుకు. నిన్ను తప్పుపట్టడానికి రాయడం లేదు. కోపమే అయితే ఎప్పుడో రాసేవాణ్ణి, కోపం రాయడం నాకు సులువు.

రెంజి

*

సాదో ద్వీపం,
అక్టోబరు 9

రెంజీ,

రాత్రి వాన పడి తెల్లారేసరికి వెలిసింది. పెర్సిమన్‌లు వలిచి చూరుకు కట్టడం మొదలుపెట్టాను.

ఆసనం నేనే చూశాను. ఎవరో టీ ఒలకబోశారనుకుని, అలా దాచి వెళ్లినందుకు తిట్టుకుంటూ ఉతికాను. ఆ చెయ్యి పట్టుకున్నది కూడా గుర్తుంది. నలుగురూ చూస్తున్నారని లాగాను. అంతే, ఇంకే కారణమూ లేదు.

మీ అమ్మ విషయంలో నేను రాసినదాంట్లో ఒక మాట వెనక్కి తీసుకుంటాను. కొడుకు వేరు అన్నాను చూడు, అది.

వస్తావో రావో నీ ఇష్టం. వస్తే, స్నానాల గది పక్క సామాన్ల కొట్టు ఖాళీ చేశాను. లోపల గొళ్లెం పెట్టించాను. మూత బిగుతుగా ఉండే బకెట్టు ఒకటి, తువ్వాళ్లు, అద్దం. అందరూ ఒకే గదిలో పడుకుంటారు కదా, నీకు మాత్రం కొట్టు పక్కనే పరుపు వేస్తాను. మీ మేనత్త కూతురు ఈ బకెట్టెందుకు అంది. పెర్సిమన్ తొక్కలకని చెప్పాను. ఎవ్వరికీ తెలియనివ్వను, నువ్వు దిగులు పెట్టుకోకు.

హాల్లో నీ పక్కనే కూర్చుంటాను. చేతులు ఒళ్లో పెట్టుకుంటాను.

నీ పెద్దమ్మ

*

సాంజో,
అక్టోబరు 13

పెద్దమ్మా,

పొద్దున్నే పొగమంచు, మధ్యాహ్నానికి తేలిపోతోంది. ఇది నీ కోసం రాశాను, నా సిద్ధాంతం మారలేదు.

నీ ఉత్తరం పనిచేసే చోట చదివాను. ఒక గంట పాటు గీతలు పడ్డ చెంచాలు కూడా మంచివాటిలో వేసి ఉంటాను.

వస్తున్నాను. శనివారం మధ్యాహ్నం ఓడకు. రెండున్నర గంటల ప్రయాణం, ఓడలో మార్చుకునే చోటుంది, బుట్ట లేదు, బ్యాగులో కాఫీ పొడి ఉంది. అన్నీ ఆలోచించాను. భయంగానే ఉంది.

కొట్టు ఉండనీ, గొళ్లెమూ ఉండనీ, అవి కావాలి. బకెట్టు మాత్రం తొక్కలకని చెప్పొద్దు. నువ్వు ప్రేమతో చేస్తున్నావు, తత్సుమి గారూ ప్రేమతోనే తిప్పాడు. నా పరుపు అందరితో పాటు అదే గదిలో వెయ్యి, తలుపు దగ్గర. నా పక్కన పడుకోవడానికి ఎవరికైనా ఇబ్బందైతే వాళ్లు జరుగుతారు, గది పెద్దదే.

గుర్రప్పందాల పేపరు మనిషికి, నేను ఊళ్లో లేని రెండు రోజులూ బుట్ట నిండిపోతుందేమోనని చీటీ రాద్దామనుకున్నాను. తత్సుమి గారు "నేను తీస్తాలే" అన్నాడు. ఎందుకని అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇక ఇది నీ ఒక్కదానికి కాదు, మన వాళ్లందరికీ. చదివి వినిపించు. నీకు వినబడకపోయినా వాళ్లకు వినబడుతుంది.

మా అమ్మ కర్మ ఆదివారం, ఇరవయ్యో తేదీ. నేను, రెంజిని, ముందు వరసలో కూర్చుంటాను. పగలూ రాత్రీ డైపరు వేసుకునే మనిషిని. మంత్రాలు మొదలయ్యాక ఎప్పుడో ఒకప్పుడు లేచి బయటికి వెళ్తాను. పంతులు గారు ఆపక్కర్లేదు, ఎవరూ తల తిప్పక్కర్లేదు, నా చోటు అలాగే ఉంచండి, తిరిగొచ్చి కూర్చుంటాను. ఇబ్బంది అనుకునేవాళ్లు ఇప్పుడే ఇంట్లో ఉండిపోవచ్చు. ఎంతమంది వచ్చినా, ఒక్కరే వచ్చినా, మొదలుపెడదాం.

ఆదివారం, ఉదయం పది గంటలకు, గుడి హాల్లో. రండి.

కురామోచి రెంజి